రోటర్లకి స్ప్రే కొట్టకండి

లద్దాఖ్‌లోని లేహ్‌కి సైకిళ్ళతో వెళ్ళే సీజన్ మొదలైందంటే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ వచ్చేస్తుంది. "విమానంలో సైకిల్ తీసుకెళ్తున్నారా? లగేజీ అరలో గాలి పీడనం ఉండదు, హైడ్రాలిక్ బ్రేకుల గొట్టాలు పగిలిపోతాయి. ఆయిల్ మొత్తం తీసేయండి. టైర్లలో గాలి తీసేయండి. తుప్పు పట్టకుండా రోటర్లకి డబ్ల్యూడీ-40 కొట్టండి. లీవర్‌ని రబ్బరు బ్యాండుతో బిగించండి." రోటరంటే చక్రంతో పాటు తిరిగే, బ్రేకు పట్టుకునే పళ్ళెం; డబ్ల్యూడీ-40 అంటే తుప్పు పట్టకుండా కొట్టే జిడ్డు స్ప్రే. ఈ వారం నలుగురు పంపారు. నలుగురూ రోజూ సైకిల్ తొక్కేవాళ్ళే.

లగేజీ అరలోనూ మనం కూర్చునే చోటి పీడనమే ఉంటుంది. మామూలుగా అది 8,000 అడుగుల ఎత్తులో ఉండే గాలి కంటే పల్చబడదు. మీరు దిగబోయే లేహ్ ఊరే 11,000 అడుగుల పైన ఉంది. విమానంలో పగిలే గొట్టాలు లేహ్ బజార్లో ఎందుకు పగలట్లేదు? 17,500 అడుగుల ఖర్దూంగ్ లా కనుమ ఎక్కినా ఎందుకు పగలట్లేదు? ఆయిల్ తీసేస్తే అక్కడ మళ్ళీ నింపి, గొట్టంలో గాలి బుడగలు పోయేలా బ్లీడ్ చేసేదెవరు? షిమానో కంపెనీ బ్రేకులకి పోసే మినరల్ ఆయిల్ బదులు, వేరే రకం బ్రేకులకి పోసే డాట్ ఫ్లూయిడ్ పోశారంటే లోపలి సీళ్ళు పోయినట్టే.

టైర్లలో గాలి ఎయిర్‌లైన్ వాళ్ళు అడిగితే తగ్గించండి. అంతే.

నా కోపమంతా ఆ స్ప్రే మీదే. రోటర్ స్టెయిన్‌లెస్ స్టీలు. గంటన్నర ప్రయాణంలో దానికేం తుప్పు? ఆ జిడ్డు మాత్రం మొదటి బ్రేకుకే, రోటర్‌ని నొక్కి పట్టే ప్యాడ్లలోకి ఇంకిపోతుంది. మాతో వచ్చిన ఒక తమ్ముడు ఇది చదివి కొట్టాడు. హోటల్ ముందు వాలులో లీవర్ నొక్కితే కీచుమని అరిచిందే గానీ చక్రం ఆగలేదు. కాళ్ళు నేలకి ఈడ్చి ఆపుకున్నాడు. ప్యాడ్ తీసి చూస్తే అద్దంలా మెరుస్తోంది, వేలికి జిడ్డు అంటింది. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లు పారేసి, నా స్పేర్ జత వేశాం. ఖర్దూంగ్ లా నుంచి దాదాపు 40 కిలోమీటర్ల దిగుడులో ఈ సంగతి బయటపడి ఉంటే? ఆ లోయ పక్కన కాళ్ళు ఈడిస్తే సైకిల్ ఆగుతుందా? రాసినవాళ్ళు ఘాట్ రోడ్డు ఎరగరనుకుందాం. పంపుతున్న మీరు దిగినవాళ్ళే కదా!

లీవర్ కట్టే విషయంలో మాత్రం తప్పు నాదే. ఇన్నాళ్ళూ అందరికీ వద్దని చెప్పాను. లీవర్ నొక్కి ఉంచితే, లీవర్ దగ్గర ఆయిల్ నిలవుండే రిజర్వాయర్‌కీ గొట్టానికీ మధ్య దారి మూసుకుంటుంది. పెట్టెలో సైకిల్ తలకిందులైనా గాలి బుడగలు గొట్టంలోకి దిగవు. కాకపోతే చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి, లేదంటే ప్యాడ్లని తోసే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ముందు స్పేసర్, తరవాతే బ్యాండు.

నిజంగా జరిగే నష్టం ఆ మెసేజ్‌లో లేనే లేదు. రోటర్ వంగిపోతుంది. కొత్తదైనా మందం 1.8 మిల్లీమీటర్లే, మీద ఒక సూట్‌కేసు పడితే చాలు. ఆరు బోల్టుల రోటరైతే టీ25 అనే నక్షత్రం ఆకారపు కీతో విప్పి, రెండు అట్టల మధ్య పెట్టి, బట్టల్లో చుట్టి పెట్టుకోండి.