సవరణ: టోక్యో టెక్ కలిసింది టోక్యో యూనివర్సిటీతో కాదు

మొన్న జపాన్‌లోని టోక్యో టెక్ (టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ), టోక్యో యూనివర్సిటీ రెండూ కలిసిపోయాయని రాశా కదా, అది తప్పు. అమీర్‌పేట్‌లో ఓ చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను, హడావుడిలో పేర్లు కలగాపులగం చేసేశా. 2024 అక్టోబర్ 1న టోక్యో టెక్ కలిసింది టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీతో, కొత్త పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ టోక్యో, పొట్టిగా సైన్స్ టోక్యో. టోక్యో యూనివర్సిటీ దాని మానాన అది వేరేగానే ఉంది. ఇంజనీర్లూ డాక్టర్లూ ఒకే చోటికొచ్చారన్నమాట, మనమేమో జేఎన్‌టీయూని 2008లో ముక్కలు చేసుకున్నాం, వాళ్లు అతికించుకున్నారు! ఇంకోటి, అక్కడి శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి గారి 2016 నోబెల్‌ని కూడా కొత్త పేరు ఖాతాలో వేసేశా, అప్పటికి అది ఇంకా టోక్యో టెక్కే. నా పోస్ట్ నమ్మి మా బాబాయి కొడుకు వేరే యూనివర్సిటీ ఫామ్ సగం నింపేశాడు, సారీ రా తమ్ముడూ.