యూటర్న్ దాకా దూరప్రయాణం

స్పోర్ట్ టూరింగ్ మోటారు సైకిలు కొనే ముందు దాన్ని ఎలా పరీక్షించాలన్న విషయంలో కొందరికి ఇంకా అపోహలున్నాయి. ఒక పూటంతా నడిపి, ఘాట్ రోడ్డు ఎక్కించి, నడుము నొప్పి పుట్టిందో లేదో చూసుకుని, అప్పుడు డబ్బు కట్టాలట. విదేశీ పత్రికలు చదివి చెడిపోయినవారి మాటలివి. మన షోరూముల పద్ధతే శాస్త్రీయమని ఇక్కడ నిరూపించదలిచాను.

ఉదాహరణకు కవాసాకి నింజా 1100 ఎస్ఎక్స్‌ను తీసుకోండి. 1,099 సీసీ, నాలుగు సిలిండర్లు, దాదాపు 135 గుర్రాల శక్తి, ఆరు గేర్లు, 19 లీటర్ల ట్యాంకు. షోరూము ధరే 13 లక్షలు దాటుతుంది. పొద్దున హైదరాబాదులో బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి మరో రాష్ట్రంలో దిగడానికి పుట్టిన జాతి ఇది.

ఈ జాతి బండి ఏ కంపెనీదైనా టెస్ట్ రైడ్ తంతు ఒకటే. లైసెన్సు జిరాక్సు ఇవ్వాలి. గీత పడితే బాధ్యత నాదేనని సంతకం చేయాలి. నగరంలోని ఔత్సాహికులందరి చెమటనూ పీల్చుకున్న హెల్మెట్ పెట్టుకోవాలి. వెనక సీటు మీద షోరూము అబ్బాయి ఎక్కుతాడు. బండి స్టార్టు కాకముందే ‘మెల్లగా సార్’ అంటాడు. అతని జీతం నుంచి కోసుకుంటారేమోనని అతని భయం, తప్పు పట్టలేం.

ఇక రహదారి. ముందు సిటీ బస్సు, ఎదురుగా తప్పుదారిలో వచ్చే పాలక్యాన్ల మోపెడ్, పక్కన ఎటు తిరుగుతుందో నడిపేవాడికీ తెలియని ఆటో. రేడియేటర్ ఫ్యాను మొదలై, వేడిగాలిని నేరుగా మోకాళ్లకు సమర్పిస్తుంది. స్పోర్ట్, రోడ్, రెయిన్ అని మోడ్‌లున్నాయి గానీ, గుంత అనే మోడ్ జపనీయులకు తట్టలేదు. సిగ్నల్ దగ్గర స్కూటర్ మీది పెద్దాయన మైలేజీ అడుగుతారు. జవాబు విని, మన ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నట్టు చూస్తారు. ఈలోగా యూటర్న్ వస్తుంది. రెండో గేరు పడిందంటే ఆ రోజు బంద్ అయి ఉండాలి.

ఇంతకన్నా ఏం కావాలి? 2018లో కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లు, మోటారు సైకిలుకు 80. ఈ బండి మొదటి గేరులోనే ఆ 80 దాటేయగలదు. కాబట్టి మొదటి గేరు పరీక్షించినవాడు చట్టం అనుమతించే బండినంతటినీ పరీక్షించినట్టే.

ఔటర్ రింగు రోడ్డు ఉంది కదా అంటారు. 158 కిలోమీటర్ల పొడవున, కార్లకు 120 వేగం అనుమతిస్తూ, ఇలాంటి బండికోసమే వేసినట్టుంటుంది. అక్కడ ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. పాత ఆల్టో కారు రుసుము కట్టి దర్జాగా పైన పోతుంటే, 135 గుర్రాలూ సర్వీసు రోడ్డులో నీళ్ల ట్యాంకరు వెనక తడుస్తూ నడుస్తాయి. రోడ్ల శాఖ చక్రాలను లెక్కపెడుతుంది, సీసీలను చూడదు. పన్నుల శాఖ సీసీలనే చూస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ దాటిన బండికి జీఎస్టీ 40 శాతం. విలాస వస్తువు కనుక అంత కట్టాలి, రెండు చక్రాలది కనుక పక్కకు తప్పుకోవాలి. రెండు శాఖల మధ్య ఇంతటి సమన్వయం మరే రంగంలోనూ కనబడదు.

మలుపుల కోసం శ్రీశైలం పోవచ్చు, నిజమే. నల్లమల దారి నిజంగానే బాగుంటుంది. రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడేలోపు తిరిగొస్తే చాలు. కానీ కొన్నవారిలో ఎక్కువమంది చేసే టూరింగ్ నాకు తెలుసు: ఆదివారం తెల్లవారుజామున లేచి, ఊరి బయట ఇడ్లీ తిని, ఫోటో దిగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం.

అందుకే కంపెనీలకు నా ప్రతిపాదన. భారతదేశానికి ప్రత్యేకంగా ఒక్క గేరు మోడల్ తయారు చేయండి. బరువు తగ్గుతుంది, ధర తగ్గుతుంది, టెస్ట్ రైడ్ సంపూర్ణమవుతుంది. అయితే ధర తగ్గితే అందులో 40 శాతమూ తగ్గుతుంది కాబట్టి, మిగతా ఐదు గేర్లను ప్రభుత్వమే పట్టుబట్టి పెట్టిస్తుందని నా అనుమానం.