అప్పు తీర్చొచ్చు, అమ్మానాన్నలను ఏం చేయాలి?

వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడిన తెలుగు ఐటీ ఉద్యోగులు చాలామందికి అమెరికా పౌరసత్వం చేతికొచ్చాక మొదలయ్యే కొత్త టెన్షన్ సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి. రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో చాలా ఉద్యోగాలకు అది ఉండి తీరాలి. గ్రీన్‌కార్డు ఉంటే సరిపోదు. పౌరసత్వం వచ్చినా ఎస్ఎఫ్-86 అనే పెద్ద దరఖాస్తు నింపాలి.

అందులో బంధువుల భాగం దగ్గరే మనవాళ్ల చెయ్యి ఆగిపోతుంది. ఇండియా పౌరులుగా ఉన్న అమ్మానాన్నలు, తోబుట్టువులు, అత్తమామలు, ఒక్కొక్కరి పుట్టిన తేదీ, చిరునామా, ఉద్యోగం రాయాలి. వాళ్లకు ప్రభుత్వంతో సంబంధం ఉందా? ఫోన్లో మాట్లాడతారా, కలుస్తుంటారా? రోజూనా, వారానికోసారా, నెలకోసారా? గుంటూరులో ఉన్న అమ్మకు రోజూ వాట్సాప్ కాల్ చేసే కొడుకు ఆ సంగతి అలాగే రాయాలి. ఊళ్లో తన పేరు మీదున్న స్థలం, ఇంటికి పంపే డబ్బు కూడా చెప్పాలి.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చేందుకు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో 'బి' విదేశీ ప్రభావం గురించి, 'ఎఫ్' ఆర్థిక పరిస్థితి గురించి. రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒకటే: ఈ మనిషిని ఎవరైనా లొంగదీసుకోగలరా?

అప్పుల విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది. 1994లో అరెస్టయిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ అప్పుల్లో కూరుకుపోయి 1985లో సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. 20 లక్షల డాలర్లకు పైగా పుచ్చుకున్నాడు. అతనివల్ల మనుషుల ప్రాణాలే పోయాయి. అయినా 'ఎఫ్' నిబంధన అప్పున్న ప్రతివాడినీ బయటికి నెట్టదు. ఉద్యోగం పోయిందా, విడాకులయ్యాయా, ఆస్పత్రి బిల్లు మీద పడిందా అని చూస్తుంది. ఆ తర్వాత మీరేం చేశారని అడుగుతుంది. క్లియరెన్స్‌కు అడ్డేమిటో చెప్తూ ప్రభుత్వం పంపే అభ్యంతరాల నోటీసు వచ్చాక హడావిడిగా మొత్తం కట్టేసినవాడి కంటే, అంతకుముందు నుంచే నెలనెలా కొంత కడుతూ రసీదులు దాచుకున్నవాడి మాటకే విలువెక్కువ. ఇది న్యాయమైన పద్ధతి. తప్పు దిద్దుకోవడం మనిషి చేతిలోనే ఉంది.

'బి' దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం పలచబడుతుంది. విదేశీయులతో పరిచయం అప్పుడప్పుడూ, పైపైన ఉంటే అది దరఖాస్తుదారుకు అనుకూలం. కన్నవాళ్లతో బంధం పైపైనే ఉంటుందంటే ఈ కేసులు వినే ఏ జడ్జీ తేలిగ్గా నమ్మరు, నమ్మకూడదు కూడా. అత్తమామల మీద కూడా మమకారం ఉంటుందనే అనుకుంటారు. అంటే అమ్మ బాగోగులు చూసుకునే కొడుకు ఎక్కువ సంజాయిషీ చెప్పుకోవాలి, పట్టించుకోనివాడు తక్కువ చెప్పుకుంటే చాలు. అప్పుకైతే వాయిదాలు కట్టొచ్చు. అమ్మ విషయంలో దిద్దుకోవాల్సిన తప్పేముంది?

దేశాన్ని బట్టి బరువు మారుతుందన్నది నిజమే. ఇండియా ప్రజాస్వామ్య దేశం కావడం కలిసొస్తుంది. కానీ అక్కడి ఉగ్రవాద దాడుల ప్రస్తావన కూడా తీర్పుల్లో కనిపిస్తుంది. తమ్ముడు ప్రభుత్వోద్యోగి అయితే ప్రశ్నలు పెరుగుతాయి. చివరికి మనవాళ్లను గట్టెక్కించేది అమెరికాలో ఉన్న వేళ్లే: ఇక్కడి ఇల్లు, పిల్లల చదువులు, ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం. ఇండియాలో ఉన్న ఆస్తి వీటి ముందు చిన్నదని కాగితాలతో చూపించగలగాలి.

ఈ టెన్షన్‌లో కొందరు స్నేహితుల మాట విని అన్నయ్య పేరో, ఊళ్లో ప్లాటో రాయకుండా వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బంధువులున్నారని చెప్తే వివరణ ఇచ్చుకునే అవకాశం ఉంటుంది. కావాలని దాచారని తేలితే నిజాయతీకి సంబంధించిన 'ఇ' నిబంధన కింద కేసు మరింత బిగుసుకుంటుంది. అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అనుమానం మిగిలితే దేశభద్రత వైపే మొగ్గుతారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ స్నేహపూర్వక దేశంలో, ఏ ప్రభుత్వ పదవీ లేకుండా విశ్రాంత జీవితం గడుపుతున్న తల్లిదండ్రులు తప్ప కేసులో మరేమీ లేనప్పుడు, దాన్ని నోటీసు దాకా రానివ్వకుండా దర్యాప్తు దశలోనే ముగించాలి. అలాంటి కేసులకు స్పష్టమైన గీత ఒకటి మార్గదర్శకాల్లోనే రాసిపెట్టాలి.