చెత్తడబ్బా మోగించి గెలిచిన టైటిల్

బేస్‌బాల్‌లో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఏ రకం బంతి వేయాలో పిచర్‌కి (బంతి విసిరేవాడికి) వేళ్లతో సైగ చేస్తాడు. పిచర్ వెనకుండే సెకండ్ బేస్ దాకా చేరిన బ్యాటింగ్ జట్టు రన్నర్ ఆ సైగ పట్టేసి బ్యాటర్‌కి అందిస్తే నా దృష్టిలో తప్పేమీ లేదు. అక్కడిదాకా కష్టపడి చేరాడు, కళ్లు పెట్టుకుని చూశాడు. క్రికెట్‌లోనూ ఇంతే. క్రిస్ కెయిర్న్స్ రివర్స్ స్వింగ్ వేస్తుంటే నాన్‌స్ట్రైకర్ సచిన్ బంతి మెరుపు ఎటుందో చూసి, బ్యాట్‌ని చేయి మార్చి పట్టుకుని ద్రవిడ్‌కి చెప్పేసిన సంగతి అందరికీ తెలిసిందే. కెయిర్న్స్‌కి అనుమానం వచ్చింది, బంతి పట్టు మార్చాడు. ఎత్తుకు పైఎత్తు!

2017లో అమెరికా బేస్‌బాల్ జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్ చేసింది ఇది కాదు. క్యాచర్ సైగలు పట్టే సెంటర్‌ఫీల్డ్ కెమెరా, డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) దగ్గర అవి చూపించే మానిటర్, పక్కనే చెత్తడబ్బా. మెలిక తిరిగే బంతి వస్తుంటే డబ్బా మోగేది. మోగలేదంటే ఫాస్ట్‌బాల్. ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే లీగ్ టైటిల్, వాళ్లదే.

సైగల దొంగతనం ఆటంత పాతదేగా అనేవాళ్లున్నారు. నిజమే, 1951లో న్యూయార్క్ జెయింట్స్ టెలిస్కోప్ పెట్టుకుని మరీ చూశారు. అయితే ఏంటి? పాత దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?

తేడా యంత్రంలో లేదు, ఎదుటివాడికి తిప్పికొట్టే అవకాశం ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. రన్నర్ కళ్లెదుటే ఉంటాడు, అనుమానమొస్తే సైగ మార్చుకోవచ్చు. గోడ వెనక మానిటర్‌ని ఏం చేస్తాడు? 2017 ఆగస్టు 4న టొరంటో పిచర్ మైక్ బోల్సింగర్ హ్యూస్టన్‌లో బౌలింగ్‌కి వచ్చి ఒక్కణ్నే అవుట్ చేశాడు, నాలుగు పరుగులిచ్చాడు. అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అదే అతని ఆఖరి మ్యాచ్. తర్వాత కోర్టుకెక్కాడు. కెరీర్ ఆ చప్పుళ్లవల్లే పోయిందని రుజువు చేయడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఏం జరుగుతోందో తెలియకుండానే అతను ఓడాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక శిక్ష సంగతి. 2020 జనవరిలో లీగ్ ఆస్ట్రోస్‌కి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది, రెండేళ్లపాటు మొదటి రెండు రౌండ్ల డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే అవకాశాలు) తీసేసుకుంది, జనరల్ మేనేజర్‌ని, మేనేజర్‌ని (జట్టు కోచ్‌ని) ఏడాది సస్పెండ్ చేసింది. యజమాని వాళ్లిద్దరినీ అదే రోజు పీకేసి చేతులు దులుపుకున్నాడు. నోరు విప్పినందుకు ఆటగాళ్లకి మినహాయింపు. టైటిల్ పదిలం. నిబంధనల ప్రకారం అంతకంటే ఎక్కువ జరిమానా కుదరదట! లీగ్‌ని నడిపే కమిషనర్‌ని ఎన్నుకునేది క్లబ్‌ల యజమానులే అయినప్పుడు ఇంకేం కుదురుతుంది? అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ అయితే 2007లో పేట్రియాట్స్ జట్టు ఎదుటివాళ్ల సైగల్ని తీసిన వీడియో టేపుల్ని తనే నాశనం చేసింది. తన పరువు తనే కాపాడుకోవాల్సిన సంస్థ చేతికి దర్యాప్తు ఇస్తే వచ్చేది దర్యాప్తు కాదు, సర్దుబాటు.

2022 నుంచి క్యాచర్లు బటన్ నొక్కి పిచర్ చెవికి సందేశం పంపుతున్నారు. మంచిదే. ఈ దారి మూసుకుంటే ఇంకోటి వెతుక్కుంటారు, ఎందుకంటే గెలిచింది వెనక్కి పోదని అందరికీ అర్థమైపోయింది. టైటిల్ పోవాలి, ఆ సీజన్ ఆదాయం కక్కించాలి, విచారణ బయటివాళ్లు చేయాలి. అప్పటి మేనేజర్ హించ్‌కి ఈ వ్యవహారం నచ్చలేదనీ, ఆ మానిటర్‌ని రెండుసార్లు పగలగొట్టాడనీ లీగ్ నివేదికే చెప్పింది. పగిలిన చోట కొత్తది వచ్చింది. ఆపండని మాత్రం ఆయన ఆటగాళ్లకి ఒక్కసారీ చెప్పలేదు. గెలుస్తున్న జట్టుకి ఎవరు చెబుతారు?