అపశకునం కాదండీ

పుట్టుకతో గుండె జబ్బుండి పెద్దయినవాళ్లు తమకు చివరిదశలో ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టుకోవాలని ఎవరైనా అంటే అపశకునం అనుకోవడం దేనికి? మా తమ్ముడికి చిన్నప్పుడు టెట్రాలజీ ఆఫ్ ఫాలోకి, అంటే పుట్టుకతోనే గుండెలో ఉండే నాలుగు లోపాలకి, ఆపరేషన్ అయింది, ముప్పై దాటినా చెకప్‌కి వెళ్తే డాక్టరు మాట్లాడేది అమ్మతోనే, వాడేమో పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఆపరేషన్‌తో అయిపోయిందనుకుంటాం గానీ వాల్వు లీకవడం, గుండె లయ తప్పడం ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఇలా ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, అంటే లివింగ్ విల్‌ని, సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది, 2023లో మెజిస్ట్రేట్ సంతకం బాధ తీసేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ ఉంటే చాలు. నయమయ్యే ఆశ లేనప్పుడే అది అక్కరకొచ్చేది, ఇప్పుడు వైద్యం మానేయమని కాదు. తన తరపున ఎవరు మాట్లాడాలో కూడా అందులో రాయొచ్చు, లేదంటే ఐసీయూ బయట బాబాయిలూ మేనమామలూ వెంటిలేటర్ గురించి వాదించుకుంటారు.