మూట విప్పేవాడినే కొలత అడగాలి

1954లో వారియర్ అనే సరుకుల ఓడ అమెరికాలోని బ్రూక్లిన్ రేవు నుంచి జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కు వెళ్లింది. మామూలు ప్రయాణమే. కాకపోతే పైసాతో సహా లెక్క రాసిపెట్టడం వల్ల రవాణా రంగంలో ఇప్పటికీ దాని ప్రస్తావన వస్తుంటుంది. ఐదు వేల టన్నుల పైచిలుకు బరువున్న ఆ సరుకులో విడివిడి వస్తువులు 1,94,582. అట్టపెట్టెలు, చెక్కపెట్టెలు, బస్తాలు, పీపాలు, ఒకదాని ఆకారం ఒకదానికి పొసగని సామాను. ఎక్కించడానికి ఆరు రోజులు పట్టింది, అందులో ఒక రోజు సమ్మె కింద పోయింది. సముద్రం దాటడానికి పదిన్నర రోజులు. అవతలి రేవులో రాత్రింబవళ్లు పనిచేసినా దించడానికి మరో నాలుగు రోజులు. మొత్తం ఖర్చు 2,37,577 డాలర్లయితే, సముద్ర ప్రయాణానికి పడింది 11.5 శాతమే. రెండు రేవుల్లో ఎత్తడం, దించడం, పేర్చడం కలిపి దాదాపు 37 శాతం. అట్లాంటిక్‌ను దాటించడం కన్నా గట్టు దాటించడానికి మూడు రెట్లకు పైగా ఖర్చయిందన్నమాట.

రెండేళ్లకు, 1956 ఏప్రిల్ 26న, మాల్కం మెక్లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెద్ద అల్యూమినియం పెట్టెలు పెట్టించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. విడి సరుకును ఓడకెత్తడానికి అప్పట్లో టన్నుకు ఆరు డాలర్ల దాకా అయ్యేది. ఈ పెట్టెల పద్ధతిలో 16 సెంట్ల లోపే అయిందని మెక్లీన్ మనుషులు లెక్క తేల్చారు. కంటైనర్ యుగానికి అక్కడే నాంది పడింది.

ఈ కథ నుంచి చాలామంది తీసే అర్థం ఒకటే: మూట ఎంత పెద్దదైతే అంత చవక. నాకు మాత్రం అది సగం నిజంగానే కనిపిస్తుంది. మెక్లీన్ పెట్టె చవకైంది పెద్దదైనందుకు కాదు, రేవులో ఎవరూ దాన్ని విప్పనందుకు. ట్రక్కు మీది నుంచి ఓడ మీదికి, ఓడ మీది నుంచి మళ్లీ ట్రక్కు మీదికి అది మూసినది మూసినట్టే వెళ్లింది. అదే పెట్టెను దారిలో రెండుచోట్ల తెరిచి, సరుకు దించి, మళ్లీ సర్ది ఉంటే ఖర్చు తడిసి మోపెడయ్యేది. మూట కట్టిన ఖర్చు, విప్పిన ఖర్చు రెండూ మీద పడేవి. కాబట్టి చూడాల్సింది లోడు సైజును కాదు, బయల్దేరినప్పటి నుంచి చేరేదాకా సరుకు మీద ఎన్ని చేతులు పడ్డాయన్నది.

కంటైనర్ కన్నా చిన్నది, రోజూ గోదాముల్లో కనిపించేది ప్యాలెట్. సరుకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి చువ్వలు దూరడానికి అడుగున సందు వదిలిన చెక్క బల్ల, అంతే. దాని మహిమ గురించి 1931 నాటి ఒక రైల్వే పత్రిక కథనాన్ని తరచూ ఉదహరిస్తుంటారు. 13,000 పెట్టెల డబ్బా సరుకున్న వ్యాగన్‌ను చేత్తో ఖాళీ చేయడానికి మూడు రోజులు పడితే, ప్యాలెట్ల మీద వచ్చిన అంతే సరుకుకు నాలుగు గంటలు పట్టిందట. అయినా ప్యాలెట్‌ను చులకనగా చూడటం మనవాళ్లకు అలవాటు. కంపెనీల్లో కంటైనర్ కిరాయి మీద మీటింగుల మీద మీటింగులు జరుగుతాయి. ప్యాలెట్ మీద పెట్టెలు ఎలా పేర్చాలన్నది మాత్రం లోడింగ్ దగ్గరున్న కుర్రాడికి వదిలేస్తారు.

ఆ పేర్పులోనే ఉంది అసలు సంగతి. యూరప్ ప్యాలెట్ కొలత 1200 x 800 మిల్లీమీటర్లు. 600 x 400 పెట్టెలైతే వరుసకు, అంటే ఒకే ఎత్తులో పరిచిన పొరకు, సరిగ్గా నాలుగు పడతాయి, అంచులు అంచులకు కలుస్తాయి. 1200 x 1000 ప్యాలెట్ మీద అవే పెట్టెలు ఐదు. ఇప్పుడు ప్యాకింగ్ డిజైన్ చేసేవారు పెట్టె పొడవును అందం కోసం ఓ 20 మిల్లీమీటర్లు పెంచారనుకుందాం. వరుసకు నాలుగూ పెడితే అంచులు బయటికి పొడుచుకొస్తాయి, వద్దనుకుంటే మూడే పెట్టి మిగతా చోటును గాలికి వదిలేయాలి. అట్టపెట్టె బలంలో ఎక్కువ భాగం దాని నాలుగు మూలల్లో ఉంటుంది. మూల గాల్లోకి వేలాడితే పై వరుసల బరువు ఆపలేక కింది పెట్టె నలుగుతుంది. మూల మీద మూల పడేలా నిలువుగా పేరిస్తే బలం నిలుస్తుంది. ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేరిస్తే దొంతర కదలదు కానీ పెట్టె మోయగలిగే బరువు సుమారు సగానికి పడిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు కింది వరుసలన్నీ నిలువుగా పేర్చి, పై వరుసలు మాత్రం అల్లి, చుట్టూ స్ట్రెచ్ ఫిల్మ్ అనే సాగే ప్లాస్టిక్ పొర బిగిస్తారు. ఆ ఫిల్మ్‌ను పెట్టెలకే చుట్టి ఊరుకోకుండా ప్యాలెట్ చెక్కతో కలిపి చుట్టాలి. లేదంటే మలుపులో పెట్టెలు ఒక దారి, ప్యాలెట్ ఒక దారి.

ఇంకో తిరకాసు ఉంది. కంటైనర్ వెలుపలి వెడల్పు ఎనిమిది అడుగులు, లోపల దొరికేది దాదాపు 2.35 మీటర్లు. రెండు యూరప్ ప్యాలెట్లను పొడవు వైపు పక్కపక్కన పెడితే 2.4 మీటర్లు. ఐదు సెంటీమీటర్ల తేడాతో పట్టవు! అటూ ఇటూ తిప్పి ఎంత సర్దినా 20 అడుగుల కంటైనర్‌లో 11 ప్యాలెట్లే పడతాయి, నేలలో దాదాపు నాలుగో వంతు ఖాళీ. కంటైనర్ కొలత అమెరికా రోడ్ల నుంచి వచ్చింది, ఆ ప్యాలెట్ యూరప్ రైల్వేల నుంచి వచ్చింది. రెండింటినీ ఎవరూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించలేదు. తర్వాత లోపలి వెడల్పు పెంచిన కంటైనర్లు వచ్చాయి కానీ సముద్రాల మీద తిరిగేవి ఎక్కువగా పాత కొలతవే.

ఆ ఖాళీ చూసి పంపేవాడికి ప్రాణం ఒప్పదు. ప్యాలెట్లు తీసేసి, పెట్టెలను నేల నుంచి కప్పు దాకా చేత్తో కుక్కిస్తాడు. కిరాయి కలిసొచ్చిందని సంబరపడతాడు. అవతల దించుకునేవాడి గోడు ఎవరికీ పట్టదు. ఇద్దరు ముగ్గురు మనుషులు ఉక్కపోతలో గంటల తరబడి ఒక్కో పెట్టె మోసుకొచ్చి, తమ ప్యాలెట్ల మీద మళ్లీ పేర్చుకోవాలి. దూరం ఎక్కువై, కిరాయి మండిపోతూ, దించే చోట కూలి తక్కువైతే ఇదే సరైన పద్ధతి కావచ్చు, కాదనను. కానీ ఆ లెక్క రెండు చివర్లూ కలిపి వేసేవాళ్లు అరుదు. ఆదా ఒకరి ఖాతాలో, భారం ఇంకొకరి ఖాతాలో పడుతున్నంత కాలం పెట్టెలు కుక్కుతూనే ఉంటారు.

పెద్ద లోడుకు ఇంకా ఖర్చులున్నాయి. అది నిండేదాకా ఆగాలి, ఆగిన ప్రతి రోజూ డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది. ప్రమాదం కూడా ఒకచోట పోగవుతుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే భారీ కంటైనర్ ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువ ఆరు రోజులు మూతపడటం అందరికీ గుర్తే. చేతుల పని తగ్గితే ఆ చేతుల సంగతేమిటన్న ప్రశ్నా ఉంది. 1960లో అమెరికా పశ్చిమ తీర రేవు కార్మికుల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్ యంత్రాలను అడ్డుకోకుండా, వాటి లాభంలో కార్మికుల వాటాగా రిటైర్మెంట్ నిధి రాయించుకున్నాడు. ఆ బేరంలో నష్టపోయినవాళ్లూ లేకపోలేదు. కానీ నడుములు విరిగే పనిని అలాగే కాపాడుకోవడం కన్నా అది తెలివైన దారి అనే అంటాను.

వీటన్నిటికన్నా ఎక్కువ వృథా జరిగేది చివరి అంచెలో. దుకాణానికి వారానికి ఓ 12 పెట్టెలు కావాలి. ఫ్యాక్టరీ నిండు ప్యాలెటే ఇస్తానంటుంది. మధ్యలో గోదాము ప్యాలెట్ విప్పి, పెట్టెలు ఏరి, వేరే సరుకుతో కలిపి మళ్లీ కడుతుంది. ఫ్యాక్టరీలో చక్కగా బిగించిన ఫిల్మ్ అక్కడ కత్తి పెట్టి చీల్చడానికే పనికొచ్చింది. పేర్పును మొదటే దించుకునేవాడి అవసరానికి తగ్గట్టు మార్చవచ్చు. పూర్తి ప్యాలెట్ కాకుండా వరుసల లెక్కన అమ్మవచ్చు, సగం సైజు ప్యాలెట్లు వాడవచ్చు, దుకాణంలో అరల క్రమానికి సరిపడేలా చక్రాల బోనుల్లో సర్ది పంపవచ్చు. ప్యాలెట్ సిద్ధం చేయడానికి ఫ్యాక్టరీకి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. దాన్ని కొనేవాడు ధరలో కలిపి ఇవ్వాలి, ఎందుకంటే విప్పి కట్టే కూలి మిగిలేది అతనికే. వరుసకు ఎన్ని, ప్యాలెట్‌కు ఎన్ని వరుసలు, పెట్టె కొలతలేమిటి అన్న మూడు అంకెలు ధర పక్కనే కొనుగోలు ఆర్డర్‌లో ఉంటే ఆ బేరం మొదలుపెట్టడానికి చాలు. ప్రస్తుతం చాలా ఆర్డర్లలో కనిపించేది మొత్తం పెట్టెల సంఖ్య ఒక్కటే.