సవరణ: గదులు నిండినంత మాత్రాన హోటల్ బాగా నడుస్తున్నట్టు కాదు

"గదులు ఎంత నిండితే హోటల్ అంత సమర్థంగా నడుస్తున్నట్టు" అని ముందు పోస్టులో ఉన్న వాక్యానికి ఈ వివరణ కలిపి చదవండి. ఏ రేటుకి నిండాయి, నింపడానికి ఎంత ఖర్చయింది అన్నది కూడా చూడాలి.

100 గదుల హోటల్ ఒకటి పూర్తి రేటుకి 70 గదులు ఇచ్చింది. అలాంటిదే ఇంకోటి రేటు 30 శాతం తగ్గించి 90 నింపింది. రెండోదానికి వచ్చింది 63 గదుల పూర్తి రేటుతో సమానం, అంటే ఆదాయం తక్కువ, పైగా 20 గదులు అదనంగా శుభ్రం చేయాలి, దుప్పట్లు ఉతకాలి, కరెంటు, వేడినీళ్లు సరేసరి. అందుకే ఖాళీవాటితో సహా మొత్తం గదులకు సగటున ఎంత ఆదాయం వచ్చిందో చూస్తారు, దాన్నే రెవ్‌పార్ అంటారు. అందులోనూ ఖర్చులు కనపడవు కాబట్టి గదికి మిగిలిన నిర్వహణ లాభం కూడా చూడటం మంచిది.

బస ఎన్ని రాత్రులన్నదీ ముఖ్యమే. ముగ్గురు అతిథులు ఒక్కో రాత్రి ఉంటే గదిని మూడుసార్లు పూర్తిగా సర్దాలి, ఒకరే మూడు రాత్రులు ఉంటే ఆ పని ఒక్కసారే.

సిబ్బందిని తగ్గిస్తే సరిపోతుందా అని కొందరు అడిగారు. నా ఉద్దేశంలో అది చాలా ప్రమాదకరమైన పొదుపు, గది సిద్ధం కాక అతిథి రిసెప్షన్ దగ్గర ఎదురుచూస్తుంటే ఉన్న కొద్దిమంది మీదా టెన్షన్ పెరుగుతుంది, వాళ్లూ మానేస్తారు, కొత్తవాళ్లకి మళ్లీ శిక్షణ ఇవ్వాలి.